రంగు కత్తిని కొన్నవారికిని, కోపించినవారికిని

గత దసరా సెలవులు ముగిసిన వారముననే, తొమ్మిదవ తరగతి చదువుచున్న మా విద్యార్థి యొకడు తండ్రితో కూడ మా ఇంటికి వచ్చెను. తండ్రి చంకలో పాత పంచెలో చుట్టిన పొడవైన మూట యొకటి యుండెను. కుశల ప్రశ్నలైన పిదప ఆయన ఆ మూటను బల్లపై విప్పగా, జపాను దేశపు తీరున మలచిన కత్తి బయటపడినది. అలుగు నల్లనిది. కాని ఆ నలుపు పలుచోట్ల గీచుకొనిపోయి క్రింది తెల్లని లోహము కనుపించుచుండెను. వాదర పొడవునను గోధుమవన్నె తుప్పు చుక్కలు తేలియుండెను.

జరిగినది ఇది. బాలుడు ఏడాదిపాటు పండుగలకు బంధువులిచ్చిన రూకలు కూడబెట్టి ఆ కత్తిని తెప్పించుకొనెను. ఆయుధపూజనాడు తండ్రి తన పనిముట్లతోపాటు దానికిని చోటిచ్చి, తడి గంధము పూసి, కుంకుమబొట్లు పెట్టెను. ఆ తడి మరునాటి సాయంకాలము వరకు అటులనే యుండెను. మా బరంపురమునకు గోపాలపురపు సముద్రము ఎంతో దూరము కాదు. ఆశ్వయుజమాసపు గాలిలో తేమ యెంత యుండునో ఇచటివారికి చెప్పనక్కరలేదు. తుప్పు చూచి నాయనమ్మ జాలిపడి, పూజ చెంబులను తోమినట్లే చింతపండును బూడిదయు పెట్టి తోమినది. ఆమె ఎరిగిన లోహము ఇత్తడి. ఇత్తడికి అదియే సరియైన వైద్యము. కత్తికి మాత్రము తుప్పు పోలేదు, రంగు పోయినది.

"మాస్టారు గారూ, ఇది ఇంట నుంచదగిన వస్తువేనా? కాదన్నచో రేపే పాత ఇనుము కొనువానికి వేసెదను" అని తండ్రి అడిగెను. బాలుడు తల వంచుకొని యుండెను. కత్తి పాడైనందుకంటె, అది "అసలైన సమురాయి ఉక్కు" అని తాను తోటివారితో చెప్పుకొనినందుకే వాడు ఎక్కువ సిగ్గుపడుచున్నాడని మాకు తోచినది. పారవేయ నక్కరలేదని మేమప్పుడే చెప్పితిమి. అట్టి కత్తులు మన పిల్లల ఇండ్లలో ఇంకను కొన్ని యున్నవని తరువాత తెలిసినందున, ఆనాడు చెప్పినదానిని ఇచట కొంత వివరముగా వ్రాయుచున్నాము.

తలిదండ్రులకు మొదట తెలియవలసినది, ఈ కోరిక ఎక్కడినుండి వచ్చినదన్న సంగతి. కొయొహరు గొతోగె అను చిత్రకథాకర్త 2016 మొదలు 2020 వరకు జపానులోని ఒక వారపత్రికలో "కిమెత్సు నో యైబా" అను బొమ్మల కథను నడపిరి. ఇంగ్లీషున దానిని "డెమన్ స్లేయర్" అందురు. దాని చలనచిత్రములు మన దేశమునకును వచ్చినవి. ఆ కథలో రాక్షసులను వధించు వీరుల కత్తులను సూర్యరశ్మిని గ్రహించిన ఖనిజముతో చేయుదురు. వీరుడు తొలిసారి పిడి పట్టినపుడు అలుగు రంగు మారును. తంజిరో పట్టగా నల్లనైనది, జెనిత్సు పట్టగా పసుపువన్నె తాల్చినది. తొమియోక కత్తి నీలము, రెంగోకు కత్తి ఎరుపు. నేను పట్టినచో ఏ రంగు వచ్చునో అని ప్రతి బాలుడును, బాలికయు మనసులో అనుకొనును. మా చిన్ననాట మేమును బొబ్బిలి కథ విని, తాండ్ర పాపారాయని వలె కట్టెముక్కను త్రిప్పినవారమే. కావున పిల్లవాడు రంగు కత్తిని కోరెనని వానికి క్రూరబుద్ధి పుట్టినదని భయపడ నక్కరలేదు.

అయితే కథలోని కత్తికిని, చరిత్రలోని కత్తికిని, అంగడిలోని కత్తికిని గల భేదము పిల్లలకు తెలియవలెను. ఈ మూటిని ఒకటిగా కలిపి అమ్మువారు కలరు. మా అభ్యంతరము అక్కడనే.

జపాను కమ్మరి చేసిన ఖడ్గమునకు అలుగుపై రంగు పూయుట లేదు. దాని ఉక్కును తమహగనె అందురు. షిమానె మండలమున తతర అను మట్టి కొలిమిలో ఇనుప ఇసుకను బొగ్గుతో మూడు పగళ్లు, మూడు రాత్రులు ఎడతెగక కాల్చుదురు. ఒకసారికి సుమారు 10 టన్నుల ఇసుకయు, 12 టన్నుల బొగ్గును వెచ్చింపగా దాదాపు 2.5 టన్నుల ముద్ద దిగును. అందును ఖడ్గమునకు తగిన మేలిభాగము కొంతయే. 1948లో ఏర్పడిన కళాఖడ్గ సంరక్షణ సంఘము ఈ కొలిమిని 1977లో పునరుద్ధరించి, ఆ ఉక్కును జపాను కమ్మరులకే పంచిపెట్టుచున్నది. అనుమతి పొందిన కమ్మరి సయితము నెలకు రెండు పొడవు కత్తులకు మించి చేయరాదు. ఇక చవుకధరకు అమ్ముడుపోవు కత్తిపై "తమహగనె" అని వ్రాసియున్నచో దాని నెట్లు నమ్మవలెనో పాఠకులే యోచింతురు గాక.

కమ్మరి ఆ ఉక్కును కాల్చి, సాగగొట్టి, మడచి, మరల సాగగొట్టును. పదిసార్లు మడచిన 1,024 పొరలగును. పదునైదు సార్లు మడచిన 32,768. చిన్న తరగతులవారు ఈ లెక్కను తామే చేసి చూడవచ్చును. అటుపై అలుగునకు మట్టి పూయును. వాదరవైపు పలుచగను, వెన్నువైపు మందముగను పూసి, ఎఱ్ఱగా కాల్చి నీట ముంచును. పలుచని మట్టి క్రింది ఉక్కు తటాలున చల్లారి మిక్కిలి గట్టిపడును. మందపు మట్టి క్రిందిది మెల్లగా చల్లారి విరుగక వంగు గుణమును నిలుపుకొనును. కత్తికి ఆ వంపు సయితము చాలవరకు ఈ ముంచుటలోనే వచ్చును. గట్టిభాగమును మెత్తని భాగమును కలియుచోట తెల్లని మబ్బంచు వంటి గీత యొకటి తేలును. దానిని హమోన్ అందురు. పిమ్మట సానపట్టువాడు ఒకదానికంటె నొకటి నున్ననైన రాళ్లతో దినముల తరబడి మెఱుగుపెట్టి, కడపట ఇనుప ఆక్సైడు పొడిని నూనెలో కలిపి రుద్దును. ఒడలు నీలిఛాయ గల నలుపును, వాదర తెల్లదనమును తాల్చును. అలుగునకు ఉన్న రంగు ఇంతియే. అది లోహములోనుండి వచ్చినది, పైనుండి పూసినది కాదు.

మరి జపానువారికి రంగుపై మక్కువ లేదా? కావలసినంత కలదు. ఒరకు చెట్టు పాలతో చేసిన నల్లని, సింధూరపు వన్నె మెఱుగుపూతలు వేసిరి. పిడిని చుట్టు పట్టుతాడుల రంగులను ఏరికోరి నేయించిరి. పరుజుపై బంగారముతో పూలను, పక్షులను పొదిగించిరి. అలుగును మాత్రము దాని పాటికి దానిని విడిచిరి. ఈ ఏర్పాటు మాకు మిక్కిలి నచ్చినది.

మన యుక్కు సంగతియు దీనికి దగ్గరిదే కనుక ఒక్కమాట చెప్పెదము. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున మూసలలో వండిన ఉక్కును పారసీక వర్తకులు వచ్చి కొనిపోయిరి. పాశ్చాత్యులు "వూట్జ్" అను మాట తెలుగు కన్నడముల "ఉక్కు" నుండి పుట్టినదని పెక్కుమంది పండితుల యభిప్రాయము. ఆ ఉక్కుతో చేసిన అలుగుపై కనబడు నీటి అలలవంటి గీతలును పూత కావు. హైదరాబాదు పోవు విద్యార్థులు సాలార్‌జంగు ప్రదర్శనశాలలో ఆయుధములను, జపాను వస్తువులను గూడ చూచి రావచ్చును. అసలు వస్తువును ఒక్కసారి కన్నులార చూచినవానికి అంగడి మాటలు అంత సులభముగా చెవికెక్కవు.

ఇక అంగడిలోని రంగు కత్తి. ఇవి చాలవరకు చైనా దేశమునుండి వచ్చుచున్నవి. అచటి లాంగ్‌చువాన్ పట్టణము కత్తుల పనికి పూర్వమునుండి ప్రసిద్ధము. మంచి పనివారును అచట కలరు, అలంకారమునకు మాత్రమే చేయువారును కలరు. రంగు తెచ్చు విధములు పెక్కులు. చవుక కత్తులలో స్టెయిన్‌లెస్ స్టీలు రేకుపై రంగు చల్లి కాల్చుదురు. కొన్నిటికి రసాయనములతో నలుపో, నీలమో ఎక్కింతురు. కొన్నిటిని నిప్పుసెగతోనే వన్నె మార్చుదురు. ఈ మూడవది వినదగిన ముచ్చట. మెఱుగుపెట్టిన ఉక్కును మెల్లగా కాచినచో సుమారు 220 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లేత పసుపు, 280 వద్ద ఊదా, 300 వద్ద నీలము దేలును. అచట రంగు పదార్థమేమియు లేదు. ఉక్కుపై ఏర్పడిన అతి పలుచని ఆక్సైడు పొర మందము మారుకొలది, దానిపై బడిన వెలుతురు నీటిపై నూనెతెట్టువలె వన్నెలు మార్చును. అయితే వేడి హెచ్చుకొలది ఉక్కు గట్టిదనము తగ్గును. అందముకొరకు నీలము దేల్చిన వాదరకు మునుపటి కాఠిన్యము ఉండదు. గోడకు వ్రేలాడు కత్తికి దానితో పనిలేదు, నిజమే; కాని అట్టిదానినే "రంగును గలదు, యుద్ధమునకును పనికివచ్చును" అని అమ్మువారిని మేమెరుగుదుము.

మేమును ఒకప్పుడు మోసపోతిమి. ఒక ప్రదర్శనలో ఎఱ్ఱని అలుగు గల కత్తిని చూచి, ఆ ఎరుపు కొలిమిలో పుట్టినదని అమ్మువాడు చెప్పగా నమ్మి కొంటిమి. ఇంటికి తెచ్చిన నెలకే ఒర రాపిడికి వాదర పొడవునను రంగు పొడియై రాలినది. పిడి కదలుచుండుటచే విప్పి చూడగా, అలుగు పిడిలోనికి పూర్తిగా పోలేదు. చిటికెనవ్రేలి కంటె సన్నని ఇనుప కడ్డీ నొకదానిని దానికి అతికి, మరచుట్టుతో బిగించిరి. నిజమైన కత్తిలో అలుగు తుది పిడిలోపల చాలదూరము పోవును. మెకుగి అను వెదురు చీల దానిని పట్టియుంచును. కడ్డీ అతికిన కత్తిని ఎవరైన విసరిత్రిప్పినచో అతుకు విరిగి అలుగు బాణమువలె ఎదుటివానిపై బడును. పదును లేదుగదా అనుకొనరాదు. అంత బరువు గల రేకుకు పదునుతో పనియేమి? అందుచేత మా మొదటి నిబంధన ఇది. అలంకారపు కత్తిని చూడవచ్చును, తుడువవచ్చును, బొమ్మ గీయవచ్చును, త్రిప్పరాదు. ఈ విషయమున మా మాటలో సడలింపు లేదు.

ఆ ఎఱ్ఱకత్తిని మేము పారవేయలేదు. అది ఇప్పటికిని మా గోడపై నున్నది, రాలిన రంగుతో సహా. మా వద్దనున్న మూడు కత్తులలో మాకు ఎక్కువ నేర్పినది అదియే.

సంరక్షణ మాట యెత్తగానే పిల్లలు జపాను పద్ధతిని అడుగుదురు. ఉచికో అను మెత్తని సానరాతి పొడి మూటతో అలుగుపై తట్టి, కాగితముతో తుడిచి, చోజి నూనె పలుచగా పూయుట జపాను ఆచారము. చోజి యనగా మన లవంగమే. కాని ఈ పద్ధతి మెఱుగుపెట్టిన ఉక్కునకు చెందినది. రంగు పూసిన అలుగుపై ఉచికో తట్టినచో అది సానరాయి చేయు పనియే చేయును, రంగును గీచివేయును. నాయనమ్మ బూడిదకును దానికిని అప్పుడు భేదము లేదు! మందుల అంగడిలో పంటినొప్పికి దొరకు లవంగ తైలమును పూయుటయు తగదు. అది రంగును మెత్తపరచగలదు. చోజి నూనెలో నున్నది చాలవరకు ఖనిజతైలమే, లవంగము వాసనపాటిది.

మేము చేయునది మిక్కిలి సులభము. చేతులు కడిగి బాగుగా ఆరనిచ్చి, అలుగును వ్రేళ్లతో తాకకుండ తీయుదుము. చెమటలో నుప్పు గలదు. వ్రేలిముద్ర పడినచోటనే తుప్పు మొదలగుట మేము పలుమార్లు చూచితిమి. ఉతికిన పాత నూలుగుడ్డతో వెన్నువైపునుండి మొనవైపునకు మెల్లగా తుడుతుము. రంగు పూసినదైనచో, మురికి యున్నపుడు మాత్రము గుడ్డను తడిపి గట్టిగా పిండి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆర్చుదుము. రంగు లేచిపోయి ఉక్కు బయటపడినచోట కుట్టుమిషను నూనె ఒక్క చుక్కను గుడ్డకు అద్ది రాచుదుము. కొబ్బరినూనె, నువ్వులనూనె వద్దు. అవి కొన్నాళ్లకు జిగురుకట్టి దుమ్మును పట్టును. ఇత్తడి మెఱుగుపెట్టు ద్రావకములు, గోళ్లరంగు తీయు ద్రవము అలుగు దాపునకు రారాదు. ఎండ తగులు గోడకు తగిలించినచో ఎఱ్ఱనిది ముందుగా వెలిసిపోవును.

వానకాలమున ఒరయే శత్రువు. కొయ్య తేమను పీల్చి లోపలనే పట్టియుంచును. అందుచే శ్రావణము మొదలు కార్తికము వరకు పదునైదు దినముల కొకసారి కత్తిని వెలికి తీసి, ఒరను వేరుగా నీడ గాలికి ఆరబెట్టుదుము. ఒరనుండి తీయునపుడును పెట్టునపుడును వాదర పైకుండవలెను, వెన్ను కొయ్యపై జారవలెను. లేకున్న ఒర గీచుకొనును, రంగును పోవును. పీటపై నుంచునపుడు సయితము కతానాను వాదర పైకుండునట్లే యుంచుదురు. పిడిని ఎడమవైపునకు ఉంచుట శాంతికి గురుతు అందురు. కుడిచేతితో చప్పున దూయుటకు వీలుపడదు గదా.

సేకరణ విషయమున మా యభిప్రాయము కొందరు పిల్లలకు రుచింపక పోవచ్చును. కథలో ఎందరు వీరులున్నారో అన్ని రంగుల కత్తులును కొనవలెనని ఒక బాలిక మాతో అన్నది. తొమ్మిది కత్తులు కొని తొమ్మిదింటిని దుమ్ములో నుంచుట కంటె, ఒక్కదానిని కొని దాని పుట్టుపూర్వము లెరుగుట మేలని మేమంటిమి. ఆమె ఒప్పుకొనలేదు. మేమును మా మాట వదలలేదు. కొనదలచినవారు అమ్మువానిని మూడు ప్రశ్నలు అడుగవలెను. అలుగు ఏ లోహము? రంగు ఎట్లు వచ్చినది? పిడిలోపల అలుగు ఎంతవరకు పోయినది? సూటిగా జవాబు చెప్పి, "ఇది అలంకారమునకే" అని ఒప్పుకొనువాని వద్ద కొనుడు. నకలు కత్తిలో తప్పులేదు. జపానులోని సెకి పట్టణమువారు సయితము పదునుపెట్ట వీలులేని మిశ్రలోహముతో నకళ్లను చేసి నకళ్లనియే అమ్ముచున్నారు.

చట్టము మాట గూడ చెప్పవలసియున్నది. జపానులో 1588లోనే హిదెయోషి రైతుల కత్తులను తీసికొనెను. 1876లో సమురాయీలు సయితము కత్తి ధరించి తిరుగరాదని శాసనమైనది. 1958 నాటి చట్టము ననుసరించి తగిన కారణము లేక నకలు కత్తిని పట్టుకొని తిరుగుటయు అచట నేరమే. మన పిల్లలు మెచ్చిన ఆ కథలోనే, రైలుస్టేషనులో కత్తులు కనబడగా పోలీసులు వెంటబడుటయు, వీరులు పరుగెత్తుటయు కలదు! మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము క్రింద, ప్రభుత్వము ప్రకటించిన ప్రాంతములలో పదునైన కత్తులకు అనుమతిపత్రము కావలెను. తెప్పించుటకు ముందే ఠాణాలో విచారించుట తండ్రి పని. ఏ కత్తియైనను బడికి గాని, వీధికి గాని, ఊరేగింపునకు గాని రారాదు.

ఆ దినము బాలుడు మాకు కత్తి భాగములన్నిటికిని జపాను పేర్లు గడగడ చెప్పెను. త్సుబా, సయా, త్సుకా, కిస్సకి. మేము సంతోషించి, వీటికి మన మాట లేమని అడిగితిమి. "సయా" ఒరయని చెప్పెను, "త్సుకా" పిడియని తడబడి చెప్పెను. త్సుబా వద్ద ఆగిపోయెను. తండ్రికిని తోచలేదు. పరుజు అని మేము చెప్పగా ఇద్దరును ఆ మాటను కొత్తగా విన్నట్లు చూచిరి. వీధిలో ఒడియాయు, పుస్తకమున ఇంగ్లీషును నడచుచున్న ఊరిలో, పరుజు, వాదర, అలుగు వంటి మాటలు ఇంటనైన వాడకున్నచో ఇంకెచట వాడుదుము? ఒక చిన్న పుస్తకము పెట్టి, ఎడమపుట మీద జపాను మాటను, కుడిపుట మీద తెలుగు మాటను వ్రాయుమంటిమి. కొన్న తేది, లోహము, రంగు విధము, తుప్పు కనబడిన చోటు, తుడిచిన దినము అందే వ్రాయవలెను. వాడు మూడు మాసములుగా తప్పక వ్రాయుచున్నాడు. కొన్ని చోట్ల కుడిపుట ఖాళీగా నున్నది. ఆ మాటలు తెలిసిన పెద్దలు మా పత్రికకు వ్రాసిన సంతోషింతుము.

కత్తికి మరల రంగు వేయించెదనని తండ్రి యనెను గాని బాలుడు వలదన్నాడు. నూనె గుడ్డతో తుప్పు చాలవరకు వదలినది. తెల్లని గీతలు అటులనే యున్నవి. "అసలైన సమురాయి ఉక్కు" అన్న మాటను పుస్తకపు మొదటిపుటలో కొట్టివేసి, "నలుపు పూసిన అలంకారపు కత్తి" అని వ్రాసికొనెను. నాయనమ్మకు మాత్రము ఒక బెంగ మిగిలినది. పూజలో నుంచిన ఆయుధమునకు బొట్టు లేకుండుట యెట్లని. జపానువారు రంగును ఒరకే పెట్టిరని మనుమడు చెప్పగా, వచ్చు దసరాకు పొడికుంకుమతో ఒరకే బొట్టు పెట్టుటకు ఆమె ఒప్పుకొనినది.